గురి ఒకటి, చిక్కేది ఒకటి: పాలమూరు పొలాల్లో ఉచ్చులు, బోనులు

ఒక జంతువు కోసం పెట్టిన ఉచ్చులో, బోనులో, కరెంటు తీగలో వేరే జంతువు చిక్కుకోవడం వేట ఎంత పాతదో అంత పాత సమస్య. ఉత్తర అమెరికాలో కయోటీ అనే నక్కజాతి జంతువును పట్టేవాళ్లు దీన్ని ఒక విద్యగా అధ్యయనం చేసి, పరికరాలను మార్చి, నియమాలు రాసుకున్నారు. కయోటీ మన దేశంలో లేదు. తెలంగాణలో, ముఖ్యంగా పెబ్బేరు చుట్టుపక్కల వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ సమస్య అడవిపంది పేరుతో కనిపిస్తుంది. పంటను కాపాడుకోవాలని పంది కోసం తీగ వేస్తారు. అందులో చిరుత పడొచ్చు, నక్క పడొచ్చు, మంద వెంట వచ్చిన కుక్క పడొచ్చు, తెల్లవారుజామున పొలానికి బయల్దేరిన మనిషే పడొచ్చు.

అమెరికాలో లైసెన్సు తీసుకుని ఉచ్చు పెట్టే మనిషికి తన గురిని మెరుగుపరచుకునే వీలుంది. ఇక్కడ రైతు సొంతంగా ఉచ్చు పెట్టడమే నేరం. కాబట్టి మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ప్రశ్న ఉచ్చును ఎలా సవరించాలన్నది కాదు. ఉచ్చు అవసరమే రాకుండా పంటను ఎలా కాపాడుకోవాలి, తప్పనిసరై ప్రభుత్వమే జంతువును పట్టాల్సి వస్తే సరైనదాన్ని ఎలా పట్టాలి అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

ప్రాంతం, జంతువులు

పెబ్బేరు 44వ నంబరు జాతీయ రహదారి మీద, కృష్ణా నదికి దగ్గరలో ఉన్న పట్టణం. పశువుల సంతకు పేరున్న ఊరు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరింది. పడమర జూరాల ప్రాజెక్టు, దక్షిణాన నది దాటితే కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ, తూర్పున కొల్లాపూర్, అచ్చంపేట దాటాక నల్లమల. కాలువ నీళ్లొచ్చిన చోట వరి, యాసంగిలో వేరుశనగ, మెట్ట భూముల్లో కంది, ఆముదం, జొన్న. కాలువ గట్ల మీద, చెరువు శిఖాల్లో, ఖాళీ భూముల్లో సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుని ఉంటుంది. పగలంతా పందుల గుంపు దాక్కోవడానికి ఆ కంప చాలు. రాత్రి పది గజాలు నడిస్తే వేరుశనగ చేను. పంది తినేదానికంటే మూతితో దున్ని పాడుచేసేదే ఎక్కువ. కాయ పాలుపోసుకునే రోజుల్లో ఒక్క రాత్రి గుంపు దిగితే ఆ మడిలో కోతకు మిగిలేది చాలా తక్కువ. రైతు కోపాన్ని అర్థం చేసుకోకుండా ఈ విషయం మీద రాసేదేదీ పనికిరాదు.

ఆ కంపలోనే, ఆ గట్ల వెంటే తిరిగే మిగతా జంతువుల జాబితా చిన్నది కాదు. ఏడు నుంచి పదకొండు కిలోలుండే నక్క, మూడు కిలోలు దాటని గుంటనక్క, అడవిపిల్లి, ముంగిస, ముళ్లపంది, కుందేలు, ఉడుము, అలుగు. రాళ్ల గుట్టలున్న చోట దుమ్ములగొండి, ఎలుగుబంటి, చిరుత. బీడు భూముల్లో తోడేలు. తోడేలు అడవి జంతువు అనడం కంటే గొర్రెల మందలు తిరిగే మెట్టల జంతువు అనడం సబబు. నది అవతల నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడినా, అక్కడి గడ్డిభూములు తోడేళ్లకు, కృష్ణజింకలకు కూడా పేరు పొందాయి. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరపు మండలాల్లో కృష్ణజింకలే గుంపులుగా చేలల్లోకి దిగుతాయి. ఇక తూర్పున, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడింది. పులి సరిహద్దు రాళ్లు చూసి ఆగదు. వయసొచ్చిన మగపులి కొత్త చోటు వెతుక్కుంటూ పొలాలు దాటుతుంది.

క్లచ్ వైరు ఉచ్చు

ఉచ్చులో ఖరీదైనదేమీ లేదు. పాత బైకు క్లచ్ వైరో, బ్రేకు వైరో ఉంటే సరిపోతుంది. ఒక కొసన చిన్న కన్ను చేసి రెండో కొసను దానిలోంచి దూరిస్తే జారుముడి. ఆ రెండో కొసను గట్టి మొద్దుకో, పాతిన గూటానికో కడతారు. కంచెలో జంతువులు రోజూ దూరే సందు ఒకటి ఉంటుంది. నేల నున్నగా అరిగి, ముళ్లకు వెంట్రుకలు అంటుకుని ఆ దారి తెలిసిపోతుంటుంది. వలయం ఆ సందులో, మోకాలి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా వేలాడుతుంది.

లోపం ఆ ఎత్తులోనే ఉంది. పంది తల వంచి మూతితో తోసుకుంటూ వస్తుంది. దాని మెడ, భుజం, తల దాదాపు ఒకే మందం. మెడకు పడిన వలయం జారిపోకుండా ఉండాలని దాన్ని పెద్దదిగా వదులుతారు. నక్క, కుక్క, చిరుత, దుమ్ములగొండి మామూలుగా నడిచేటప్పుడు వాటి తల సరిగ్గా ఆ వలయం ఎత్తులోనే ఉంటుంది. చిరుత మరీ మోసపోతుంది. సందు ఉంటే దూకదు, ఒంగి దూరుతుంది. తల, ముందు కాళ్లు దాటేశాక వలయం నడుము దగ్గర బిగుస్తుంది. మెడకు బిగిస్తే నిమిషాల్లో తేలిపోయే ప్రాణం, నడుముకు బిగిస్తే గంటలు, ఒక్కోసారి రోజులు పోరాడుతుంది. గింజుకున్న కొద్దీ తీగ చర్మంలోకి, కండలోకి దిగుతుంది.

పందికీ చిరుతకూ తేడా తెలిసే భాగం ఏదీ ఈ ఉచ్చులో లేదు. బరువు కొలవదు, ఎక్కువ బలం పడితే తెగి వదిలిపెట్టదు, ఒక హద్దు దాటి బిగియకుండా ఆగదు. పెట్టిన మనిషి వారానికోసారి వచ్చి చూస్తే అదే ఎక్కువ. పంట కోతయ్యాక మరిచిపోయిన ఉచ్చులు తుప్పు పట్టేదాకా పనిచేస్తూనే ఉంటాయి.

పెద్ద జంతువులకు ఇది ఎంత చేటో కర్ణాటకలో లెక్క కట్టారు. 2009 నుంచి 2020 వరకు ఆ రాష్ట్రంలో ఉచ్చుల్లో చిక్కిన 113 చిరుతల వివరాలు సేకరిస్తే, వాటిలో సగానికి పైగా చనిపోయినట్లు తేలింది. ఆ ఉచ్చుల్లో ఎక్కువ భాగం చిరుతల కోసం పెట్టినవి కావు. ఆసియాలో మరో మూలన పరిస్థితి ఇంకా ఘోరం. కంబోడియా, లావోస్, వియత్నాం రక్షిత అడవుల్లో కోటీ ఇరవై లక్షలకు పైగా ఉచ్చులు ఉండవచ్చని ప్రపంచ వన్యప్రాణి నిధి 2020లో అంచనా వేసింది. అక్కడ అడవి చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, లోపల జంతువు ఉండదు.

కరెంటు తీగ

ఉచ్చు కంటే దారుణమైనది కొక్కెం వేసి లాగిన కరెంటు. పొలం మీదుగా పోయే లైనుకు తీగ తగిలించి, నేల మీద చిన్న కర్రలు పాతి, జానెడు నుంచి మూరెడు ఎత్తులో జీఐ తీగ లాగుతారు. రాత్రి వేసి తెల్లవారకముందే తీసేయాలన్నది ఆలోచన. తీసేయడం మరిచిపోయిన రోజు, లేక తీసేలోపే ఎవరో అటు వచ్చిన రోజు మనిషి పోతాడు. పక్క పొలం రైతు, నీళ్లు పెట్టడానికి వచ్చిన కూలీ, తీగ పెట్టినవాడే, ఒక్కోసారి వాళ్లింటి పిల్లవాడు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవుల్లో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయారు.

ఇందులో గురి అన్న మాటకే చోటు లేదు. ఎత్తు మార్చినా, చోటు మార్చినా, ఏ జాగ్రత్త తీసుకున్నా తగిలినదల్లా పోతుంది. 2025 మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట ప్రాంతంలో కె-8 అని అటవీ శాఖ పేరు పెట్టుకుని గమనిస్తూ వచ్చిన ఆడపులి ఇలాంటి తీగకే బలైంది.

దీన్ని సోలార్ కంచెతో కలిపి మాట్లాడడం మన ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు. సోలార్ కంచెలో ఉండేది బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజర్. అది సెకనుకు ఒకసారి చొప్పున, సెకనులో అతి చిన్న భాగం సేపు మాత్రమే కరెంటు వదులుతుంది. ఓల్టేజి వేలల్లో ఉన్నా శక్తి తక్కువ. జంతువు ఉలిక్కిపడి వెనక్కి దూకడానికి, పట్టు వదిలించుకోవడానికి ఆ మధ్య ఖాళీ సరిపోతుంది. లైను నుంచి నేరుగా లాగిన తీగలో ఆ ఖాళీ ఉండదు. కండరాలు పట్టేసి, తాకినది తీగకే అతుక్కుపోతుంది. సోలార్ కంచె తీగలకే రాత్రిపూట లైను కరెంటు తగిలిస్తే అదీ చంపే తీగే అవుతుంది.

చిరుతలు, పులులు

తెలంగాణలో ఈ సమస్యను పట్నం పత్రికల మొదటి పేజీకి తెచ్చినవి నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒకే ఏడాది జరిగిన రెండు ఘటనలు. 2020 జనవరిలో రాజపేట తండా దగ్గర పందుల కోసం పెట్టిన తీగలో చిరుత చిక్కింది. చుట్టూ జనం. మత్తు సూది వేసి హైదరాబాద్ జూకు తరలించారు. మే నెలలో అదే మండలంలో మరో చిరుత ఉచ్చులో పడింది. విడిపించే ప్రయత్నంలో సిబ్బంది మీదికి దూకింది. మత్తు ఇచ్చి పట్టుకోగలిగారు గానీ బతికించలేకపోయారు.

అంతకుముందు, 2010ల చివర, మంచిర్యాల జిల్లా చెన్నూరు అడవుల్లో కె-4 అనే ఆడపులి నడుము చుట్టూ ఉచ్చు తీగ బిగుసుకుని కెమెరాలకు చిక్కింది. ఎలాగో గూటం నుంచి తీగను తెంపుకుంది గానీ, వలయం ఒంటి మీదే ఉండిపోయింది. పట్టుకుని తీసేయాలని అటవీ శాఖ చాలా ప్రయత్నించింది. అది దొరకలేదు. కెమెరా ఫొటోల్లో నడుం దగ్గర నొక్కుకుపోయిన ఆ గీత చూసినవాళ్లకు, ఉచ్చు అంటే చావో బతుకో తేల్చే వస్తువు మాత్రమే కాదని తెలిసింది.

ఈ ఘటనల తర్వాత అభయారణ్యాల్లో ఉచ్చుల కోసం ప్రత్యేకంగా కాలినడకన వెతకడం పెరిగింది. వరుసగా నిలబడి, కంచెల వెంట, నీటి గుంటల దారుల్లో, కొన్నిచోట్ల మెటల్ డిటెక్టర్లతో గాలిస్తారు. 2024 చివర తెలంగాణ అటవీ శాఖ ‘క్యాచ్ ద ట్రాప్’ పేరుతో ప్రజలను, స్వచ్ఛంద సంస్థలను కూడా ఈ పనిలోకి పిలిచింది. అభయారణ్యం బయట, పెబ్బేరు లాంటి చోట్ల కంచెల వెంట ఎవరు నడవాలి? ఆ పొలాల యజమానులు, పశువులు కాసేవాళ్లు నడవాల్సిందే. ఏ సందులో ఏముందో వాళ్లకే తెలుస్తుంది.

పత్రికలకెక్కని నష్టం మందలది. ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టించుకోవడం ఈ జిల్లాల పాత అలవాటు. మంద వెంట గొల్ల కురుమల కుక్కలుంటాయి. రాత్రి నక్క వాసన పట్టి కంచె సందులోంచి దూకిన కుక్క మెడకే తీగ పడుతుంది. మందను కాసే కుక్క పోతే తోడేలుకు దారి తెరిచినట్టే. పంటకు కాపలా పెట్టిన ఉచ్చు మందకు కాపలా లేకుండా చేస్తుంది.

చట్టం ఏమంటుంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. ఆయుధం అన్న మాట కింద వలలు, విషం, ఉచ్చులు, బోనులు వస్తాయి. అందువల్ల ‘నేను పెట్టింది పందికి, పడింది చిరుత’ అన్న వాదన కోర్టులో పెద్దగా నిలవదు. పంది కోసమైనా అనుమతి లేకుండా ఉచ్చు పెట్టడం వేటే. చిరుత చిక్కిందంటే మొదటి షెడ్యూలు జంతువు చిక్కినట్టు. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, దానికి తోడు జరిమానా.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి. కాకి, ఎలుక లాంటి వాటిని పీడ జంతువులుగా చూపే పాత అయిదో షెడ్యూలు పోయింది. అయినా 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక జంతువును కొంత ప్రాంతంలో, కొంత కాలం పీడ జంతువుగా ప్రకటించవచ్చు. బిహార్‌లో మనుబోతును, అడవిపందిని, ఉత్తరాఖండ్‌లో అడవిపందిని, హిమాచల్‌ప్రదేశ్‌లో కోతిని 2015–16లో అలా ప్రకటించారు. తెలంగాణలో దారి వేరు. 11వ సెక్షన్ ప్రకారం, పంటకు ప్రమాదంగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతుల మీదే జాబితాలో నమోదైన షూటర్లు గ్రామాల్లో పందులను కాలుస్తారు. ఉచ్చుతో పోలిస్తే తుపాకీకి ఒక్క గుణం ఉంది. ట్రిగ్గర్ నొక్కే ముందు ఎదురుగా ఉన్నది ఏ జంతువో మనిషి చూస్తాడు.

అంతగా తెలియని నిబంధన 39వ సెక్షన్‌లో ఉంది. చనిపోయి కనిపించిన, పొరపాటున చంపిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌కో, అధికారికో తెలియజేయాలి. భయంతో కళేబరాన్ని పూడ్చిపెట్టడం, గోళ్లు తీసి దాచడం కేసును ఇంకా బరువు చేస్తాయి. నక్క విషయంలో మూఢనమ్మకం కూడా తోడవుతుంది. నక్క తోక తొక్కితే అదృష్టమని సరదాకు అనేవాళ్లు ఎందరో, నక్క కొమ్ము ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నిజంగా నమ్మి డబ్బు పోసేవాళ్లూ ఉన్నారు. నక్కకు కొమ్ములు ఉండవు. అమ్మేది పుర్రె ముక్కకో, తోలు ముక్కకో వెంట్రుకలు అంటించి చేసిన వస్తువు. దాని కోసం పోయిన నక్క మాత్రం నిజమైనదే.

కయోటీ పట్టేవాళ్లు నేర్చుకున్నది

అమెరికా, కెనడాల్లో గొర్రెలు, దూడలు పెంచేవాళ్లకు కయోటీ అంటే మనకు తోడేలు, నక్క కలిపినట్టు. తొమ్మిది నుంచి ఇరవై కిలోల బరువు. అక్కడ దాన్ని పట్టడానికి ఎక్కువగా వాడేవి రెండు: కాలు పట్టే ఇనుప దవడల ఉచ్చు, మెడకు పడే తీగ ఉచ్చు. వాటిలో కుక్కలు, జింకలు, గద్దలు, చిన్న గుంటనక్కలు పడుతుండడంతో విమర్శ వచ్చింది. 1991లో ఐరోపా సంఘం కాలు పట్టే దవడల ఉచ్చును నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. 1997లో ఐరోపా, కెనడా, రష్యాల మధ్య జంతువును తక్కువ బాధపెట్టే ఉచ్చుల ప్రమాణాల మీద ఒప్పందం కుదిరింది. కొలరాడో 1996లో, కాలిఫోర్నియా 1998లో ప్రజల ఓటుతోనే ఇలాంటి ఉచ్చుల మీద ఆంక్షలు పెట్టాయి.

నిషేధం లేని చోట్ల వచ్చిన మార్పుల్లో తెలివైనది పలక బిగువు. దవడల ఉచ్చు మధ్యలో జంతువు కాలు మోపే చిన్న పలక ఉంటుంది. దాని కింద స్ప్రింగు బిగువు పెంచితే, తేలిక జంతువు కాలు పెట్టినా ఉచ్చు పేలదు. సుమారు రెండు కిలోల బరువు పడితేనే కదిలేలా సవరిస్తే కయోటీ కాలికి పేలుతుంది, రెండు మూడు కిలోలుండే గుంటనక్క చాలావరకు తప్పించుకుంటుంది. 1984లో అచ్చయిన పరిశోధన ఈ సంగతిని కొలిచి చూపింది. గుంటనక్క మొత్తం బరువే రెండు మూడు కిలోలైనప్పుడు, నాలుగు కాళ్ల మీద నడిచే జంతువు ఒక కాలి మీద అంత భారం వేయలేదు. పరికరం సాధారణమైనదే, దాని వెనక లెక్క మాత్రం బాగుంది.

తీగ ఉచ్చుకు మూడు మార్పులు వచ్చాయి. వలయం ఒక హద్దు దాటి బిగియకుండా తీగ మీద చిన్న లోహపు ఆపు. జింక కాలు పడితే ఆ ఖాళీలోంచి జారి బయటికొస్తుంది. సుమారు 130 కిలోల లాగుడుకు మించితే విచ్చుకునే కొక్కెం. ఆవో, పెద్ద జింకో పడితే తెంపుకుపోతుంది, కయోటీకి అంత బలం ఉండదు. వలయానికి పైన అడ్డంగా కట్టె పెట్టడం మూడోది. జింక దాన్ని చూసి దూకేస్తుంది, కయోటీ కింద నుంచి దూరుతుంది. ఇక ఎర విషయం. గద్దలు కళ్లతో వెతుకుతాయి కాబట్టి మాంసాన్ని ఉచ్చు పక్కన బయటికి కనబడేలా పెట్టరాదని చాలా రాష్ట్రాల నియమం. కళేబరం దగ్గర ఉచ్చు పెట్టకుండా, వాసన మీద మాత్రమే ఆధారపడతారు. చాలా చోట్ల ఉచ్చును రోజుకోసారి చూసి తీరాలి. ఇన్ని చేసినా ఎవరిదో పెంపుడు కుక్క చిక్కుతూనే ఉంటుంది. కుక్కకూ కయోటీకీ బరువులో, కాలిలో, ముక్కులో పెద్ద తేడా లేదు.

ఈ మార్పులను మన పంది ఉచ్చుకు తగిలించవచ్చా అని ఎవరికైనా అనిపిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, లెక్క కుదరదు. పంది నక్కకంటే, కుక్కకంటే బలమైనది. పందిని ఆపగల తీగ పందికంటే తేలికైన ప్రతిదాన్నీ ఆపుతుంది. చిరుత, జింక లాంటివన్నీ ఆ లోపలే. కయోటీ కోసం పనిచేసే బలహీనమైన కొక్కెం పందికి పనికిరాదు.

బోను పెట్టినా తప్పని చిక్కు

తిరుమల నడక దారిలో 2023లో జరిగింది అధికారులు పెట్టిన బోనుకు కూడా గురి సమస్య ఉందని చూపింది. ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ల పాప వన్యమృగం దాడిలో చనిపోయింది. మొదట ఎలుగుబంటి అయి ఉండొచ్చన్న అనుమానమూ వచ్చింది. తర్వాత చిరుతేనని నిర్ధారించారు. జూన్‌లో మరో పిల్లవాడి మీద దాడి జరిగినప్పటి నుంచి సెప్టెంబరు దాకా వరుసగా బోనుల్లో ఆరు చిరుతలు పడ్డాయి. ఆరూ మనుషుల మీద పడినవి కావు కదా. ఏది దాడి చేసిందో తేల్చడానికి నమూనాలు పరీక్షలకు పంపాల్సి వచ్చింది. శేషాచలంలో చిరుతలు ఉన్న చోట మేకను కట్టి బోను పెడితే, ఆ రాత్రి ఆ దారిన ఏది వెళితే అదే దూరుతుంది.

అందుకే బోను పెట్టేముందు కెమెరాలు పెట్టడం, పాదముద్రలు చూడడం, ఒంటి మచ్చలు పోల్చడం మొదటి పని. ఎర జంతువును వెనక వేరే గదిలో, కమ్మీల అవతల ఉంచాలి. చిన్న జంతువుల కాలికి పడిపోకుండా నొక్కు పలకను పెద్ద జంతువు బరువుకు సర్దాలి. పొద్దున, సాయంత్రం చూడాలి. ఎండాకాలం రేకు బోనులో మధ్యాహ్నం దాకా వదిలేస్తే పట్టింది బతకదు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో తోడేళ్ల కోసం జరిగిన ఆపరేషన్‌లో డ్రోన్లు, వలలు, బోనులు వాడారు. తోడేలు బోనుకు సులభంగా రాదని పిల్లల మూత్రం చల్లిన బొమ్మలను నది ఒడ్డున పెట్టారు. ఆ ఎర తోడేలు అలవాటును లెక్కలోకి తీసుకుని వేసింది. మేకను కట్టినట్టు అందరినీ పిలిచేది కాదు.

లడఖ్‌లో తోడేళ్లను పట్టడానికి కట్టిన పాత రాతి గోతులు ఉన్నాయి. లోపలికి వంగిన గోడలు, పైకి ఎక్కలేని అమరిక. 2018 నుంచి కొన్ని ఊళ్లవాళ్లు వాటిని తోడేలు ఎక్కి వెళ్లిపోయేలా మార్చి, పక్కన స్తూపం కట్టారు. దానికి బదులు గొర్రెల దొడ్లకు పైకప్పు వలలు, గట్టి తలుపులు అమర్చుకున్నారు. మన కురుమలకు కూడా తోడేలు విషయంలో పనికొచ్చేది ఇదే: రాత్రి దొడ్డి గట్టిగా, కుక్కలు బలంగా ఉండడం.

ఉచ్చు లేకుండా పంట

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని పక్షి, జంతు పీడ విభాగం చాలా ఏళ్లుగా పందిని చంపకుండా ఆపే పద్ధతుల మీద పనిచేసింది. వాటిలో పాలమూరుకు బాగా కుదిరేది వేరుశనగ చుట్టూ కుసుమ వరుసలు. కుసుమ ముళ్లకు పంది మూతి పెట్టదు, దాని వాసన వేరుశనగ వాసనను కప్పేస్తుంది. మొక్కజొన్న చుట్టూ నాలుగైదు వరుసల ఆముదం కూడా అంతే. పైగా కుసుమా ఆముదమూ అమ్ముకోగల పంటలే. పంది కళ్లతో కంటే ముక్కుతో లోకం చూస్తుంది, కాబట్టి ముక్కును మోసం చేయడం తెలివైన పని. మంగలి షాపు వెంట్రుకలు గట్ల వెంట చల్లడం, ఊరపందుల పేడ నీళ్లు చిలకరించడం, కుళ్లిన కోడిగుడ్ల ద్రావణం పిచికారీ చేయడం అందులోవే. కొత్త వాసన ఉన్నన్నాళ్లే భయం. వాన పడినా, పదిహేను రోజులు గడిచినా మళ్లీ వేయాలి. రంగు చీరలు కట్టడం కొన్నాళ్లు పనిచేసి తర్వాత అలంకారం అయిపోతుంది. జంతువుల అరుపులు వినిపించే పరికరం వాడేటప్పుడు శబ్దం, చోటు తరచూ మార్చాలి. ఒకే కూత రోజూ వింటే పంది కూడా దానికి అలవాటు పడుతుంది.

వీటిలో కంచె మాత్రం మళ్లీ జాగ్రత్త కోరుతుంది. పందులను ఆపుతుందని చేపల వల లాంటి నైలాన్ వలను చేను చుట్టూ కట్టడం ఈ మధ్య విరివిగా కనిపిస్తోంది. చవక, తేలిక, రాత్రికి రాత్రి కట్టేయొచ్చు. దాని కింది అంచులో జెర్రిపోతు పడితే ముందుకు పోయే కొద్దీ పొలుసుల కింద దారం కోసుకుంటుంది, వెనక్కి రాలేదు. ఎండెక్కితే అక్కడే ఎండిపోతుంది. జెర్రిపోతు ఆ చేలో ఎలుకలు తినేది. ఉడుములు కూడా ఇలాగే చిక్కుతాయి. వల కట్టక తప్పదనుకుంటే కింది అంచును నేల నుంచి జానెడు పైకి లేపి, ఆ ఖాళీని ముళ్లకంపతో మూయాలి. పంట కాలం అయిపోగానే చుట్టి ఇంటికి తెచ్చుకోవాలి. పొలంలో వదిలేసిన వల ఉచ్చుతో సమానం.

చిక్కిన జంతువు కనిపిస్తే

గింజుకుంటున్న చిరుత చుట్టూ జనం చేరితే దానికి ఇంకా చేటు. పట్టుబడ్డ జంతువు భయంతో చేసే పోరాటంలో కండరాలు విచ్ఛిన్నమై, ఆ వ్యర్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉచ్చు నుంచి విడిపించాక లేచి నడిచిన జింక రెండు మూడు రోజుల తర్వాత చనిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. కృష్ణజింక, దుప్పి జాతులకు ఈ జబ్బు మరీ ఎక్కువ. అందుకే వాటిని పట్టడం చిరుతను పట్టడం కంటే కష్టమని పశువైద్యులు అంటారు.

అటవీ శాఖకు కబురు పెట్టి, వాళ్లు వచ్చేదాకా కనీసం వంద గజాల అవతల, కంటికి కనబడకుండా, మాట వినబడకుండా ఉండడం మంచిది. రాళ్లు వేయడం, సెల్‌ఫోన్ వీడియోకు దగ్గరికి వెళ్లడం ప్రాణాంతకం. తీగ సగం తెగి ఉండొచ్చు. కరెంటు తీగ అనుమానం ఉంటే ముందు విద్యుత్ సిబ్బందికి చెప్పి లైను ఆపించాలి. కరెంటు దొంగలించడం 2003 విద్యుత్ చట్టం కింద విడిగా నేరం కాబట్టి, ఫోన్ చేయడానికి వెనకాడేవాళ్లు ఉంటారు. చిన్న కుక్కో, నక్కో చిక్కితే తల మీద మందపాటి గోనెసంచి కప్పి, వెలుతురు తగలకుండా చేసి, మెడ దగ్గర తీగను కటింగ్ ప్లయర్‌తో తెంపుతారు. కరిచే జంతువుకు చేయి పెట్టేముందు రేబిస్ సంగతి గుర్తుండాలి. గీరినా సరే, గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు వెళ్లి టీకా వేయించుకోవాలి.